సెల్లోఫేను, ధమని, మూత్రపిండము

సాసేజి యను మాంసపు వంటకమునకు తొడుగుగా వాడెడి సెల్లోఫేను గొట్టమునకు వైద్యచరిత్రలో చోటు దక్కినదన్నచో శ్రోతలు నవ్వుదురేమో! 1943లో, జర్మనుల ఆక్రమణలో నున్న హాలెండునందు, కాంపెన్ అను చిన్న పట్టణపు ఆసుపత్రిలో విలెం కోల్ఫ్ అను యువవైద్యుడు ఆ గొట్టమును పీపాకు చుట్టి, పీపాను ఉప్పునీటి తొట్టిలో త్రిప్పుచు, రోగి రక్తమును దానిగుండ ప్రవహింపజేసెను. రక్తములోని యూరియా నీటిలోనికి దిగెను. తొలి రోగులలో దాదాపు అందరును మరణించిరి. 1945లో 67 ఏండ్ల వృద్ధ యొకతె బ్రతికినది. కృత్రిమ మూత్రపిండమని మనమెంత చక్కగా పేరు పెట్టినను, ఆసుపత్రి గుమ్మమున అందరును డయాలిసిస్ అనియే యందురు.

అదే సెల్లోఫేను 1948 డిసెంబరులో మరియొక పనికి వచ్చినది. ఐన్‌స్టీను ఉదరమున బృహద్ధమని బుడగవలె ఉబ్బియుండగా, న్యూయార్కులో రుడాల్ఫ్ నిస్సెన్ దానిచుట్టు సెల్లోఫేను చుట్టెను. 1951లో పారిసునందు షార్ల్ ద్యుబో అట్టి ఉబ్బును కోసివేసి, మృతదేహమునుండి గ్రహించిన ధమనిని అచట కుట్టెను.

చిక్కు ఇచ్చటనే కలదు. కుట్లు పూర్తియగువరకు ధమనిని పట్టుకారుతో బిగింపవలయును. మూత్రపిండములు రెండును కలిసి సుమారు 300 గ్రాములే. అయినను గుండె వెలువరించు రక్తములో ఐదవ వంతు వానికే పోవును. పట్టుకారు వానికి ఎగువన పడినచో ఆ రక్తము నిలిచిపోవును. దిగువన పడినను, రక్తస్రావముచే పీడనము తగ్గెనా, లోపలి సూక్ష్మనాళికల కణములు చచ్చును. రక్తమందక నలిగిన కండరములనుండి వెలువడు వర్ణద్రవ్యము కూడ వానిని చెరచును. 1941లో బాంబుదాడులకు కూలిన ఇండ్లక్రింద చిక్కినవారియందు బైవాటర్స్ ఈ విపత్తునే వర్ణించెను. శస్త్రవైద్యుడు తృప్తితో చేతులు కడుగుకొనును; రోగి పాదమున నాడి చక్కగా కొట్టుకొనుచుండును; మరునాడు మూత్రపు సీసా మాత్రము ఖాళీ!

అయితే ఆ కణములు పెక్కుమార్లు కొన్ని వారములలో తిరిగి మొలచును. అంతవరకు రోగిని నిలుపుటే యంత్రము పని. కొరియా యుద్ధమున, 1952లో, వోంజు వద్ద అమెరికను సేన ఈ యంత్రమును నెలకొల్పి గాయపడిన సైనికులను పెక్కుమందిని దక్కించుకొనెను. ఈ ఘట్టమునకు రావలసినంత కీర్తి రాలేదని మా యభిప్రాయము.

1990లో బ్యూనస్ ఐరిస్‌లో హువాన్ పరోది తొడమొదటి ధమనిగుండ కృత్రిమనాళమును లోనికి పంపెను. పొట్ట కోయుటలేదు, ధమనిని బిగించుటయు లేదు. కాని నాళము కనబడుటకై ఎక్కించు అయొడీను ద్రవము మూత్రపిండములకు హాని చేయవచ్చును. అమర్చిన గొట్టము కొంచెము పైకి జరిగినను మూత్రపిండ ధమని ద్వారమే మూసికొనును.