ఆంగ్ల సర్వనామంలో స్త్రీకి దక్కిన చోటు

మాట్లాడేవారూ వినేవారూ కాని మూడో వ్యక్తిని సూచించే సర్వనామాన్ని వ్యాకరణంలో ప్రథమపురుష అంటారు. ఆంగ్లంలో ప్రథమపురుష ఏకవచనానికి ‘హీ’, ‘షీ’, ‘ఇట్’ ఉన్నాయి గాని, స్త్రీయో పురుషుడో తెలియని మనిషిని చెప్పడానికి ప్రత్యేకమైన మాట లేదు. ఆ లోటును బహువచనమైన ‘దే’ తీర్చిందనడానికి 14వ శతాబ్ది రచనల్లోనే ఆధారాలున్నాయి. ‘ప్రతి ఒక్కరూ’, ‘ఎవరైనా’ అనే అర్థమిచ్చే మాటల తరవాత దానిని వాడే అలవాటు జేన్ ఆస్టిన్ నవలల దాకా సాగివచ్చింది.

18వ శతాబ్ది వ్యాకర్తలు ఈ అలవాటును తప్పుపట్టారు. న్యూకాసిల్‌లో బడి నడిపిన ఆన్ ఫిషర్ ఆ శతాబ్ది మధ్యలో వెలువరించిన వ్యాకరణం, పుంలింగ సర్వనామం స్త్రీపురుషులిద్దరికీ వర్తిస్తుందని చెప్పిన తొలి గ్రంథాల్లో ఒకటి. 1795 నాటి లిండ్లీ మరే వ్యాకరణం ఏకవచన ‘దే’ ఉన్న వాక్యాన్ని దోషానికి ఉదాహరణగా చూపి, దానిని ‘హీ’గా దిద్దింది. వచనం పొసగడమే ముఖ్యమనుకున్న ఈ సూత్రం లింగం పొసగకపోవడాన్ని దోషంగా లెక్కించలేదు.

బడిలో నిలదొక్కుకున్న సూత్రం చట్టంలోకీ వచ్చింది. శాసనాల్లోని పురుషవాచక పదాలు స్త్రీలకూ వర్తిస్తాయని బ్రిటిష్ పార్లమెంటు 1850లో చట్టం చేయగా, 1867 నాటి సంస్కరణ చట్టం ఓటుహక్కు ఇచ్చిన ‘పురుషుడి’లో తామూ ఉన్నామని మాంచెస్టర్ స్త్రీలు వాదించారు, 1868లో న్యాయస్థానం ఆ వాదాన్ని తోసిపుచ్చింది. అమెరికాలో 1872 ఎన్నికల్లో ఓటు వేసినందుకు 100 డాలర్ల జరిమానాకు గురైన సూసన్ బి. ఆంథొనీ, పన్నులూ శిక్షలూ విధించే శాసనాల్లో ‘హీ’ స్త్రీకి వర్తిస్తున్నప్పుడు హక్కులిచ్చే శాసనాల్లో ఎందుకు వర్తించదని నిలదీసింది. ఆ ప్రశ్న న్యాయమైనది, ఎందుకంటే అందరినీ కలుపుకుంటుందన్న పదం హక్కుల దగ్గరికి వచ్చేసరికి స్త్రీని వదిలేసింది.

1860 నాటి భారత శిక్షాస్మృతి 8వ సెక్షన్ కూడా ‘హీ’ స్త్రీపురుషులిద్దరికీ వర్తిస్తుందని నిర్వచించింది. దాని స్థానంలో వచ్చిన 2023 నాటి భారతీయ న్యాయ సంహిత ఆ నిర్వచనంలో ట్రాన్స్‌జెండర్ వ్యక్తులను చేర్చినా ‘హీ’ని అలాగే ఉంచింది.

‘హీ’కి బదులుగా చార్లెస్ కన్వర్స్ 19వ శతాబ్దిలో ‘థాన్’ అనే కొత్త మాటను కల్పించాడు గాని అది జనంలో నిలవలేదు. 1970ల నుంచి స్త్రీవాద భాషావేత్తలు పాత సూత్రాన్ని విమర్శించడంతో, తామెవరో చెప్పడానికి ‘హీ’, ‘షీ’ రెండూ సరిపోవన్నవారు కూడా ‘దే’ను ఎంచుకోవడంతో, పండిత రచనలో దానికి మళ్లీ మన్నన దక్కింది, అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ 2019 నాటి తన రచనా నియమావళిలో ఏకవచన ‘దే’ను సమర్థించింది. దీనిని భాషకు పట్టిన కొత్త వికారమనడం చరిత్రకు విరుద్ధం. రెండు శతాబ్దాలకు పైగా బడిలో తప్పుగా దిద్దబడినా జనవ్యవహారం వదులుకోని ప్రయోగాన్ని వ్యాకరణం ఆలస్యంగానైనా అంగీకరించింది.