గీత లేని కార్డు

హైదరాబాదు పాత చిత్ర పోస్టుకార్డు దొరికితే, సేకరించేవాళ్లు ముందు దాన్ని వెనక్కి తిప్పి చూస్తారు. నడుమ నిలువు గీత ఉందా, లేదా? తొలినాళ్లలో వెనకవైపంతా చిరునామాకే. క్షేమసమాచారాన్ని బొమ్మ పక్కనున్న ఖాళీలో ఇరికించాల్సిందే. 1902లో బ్రిటన్ తపాలాశాఖ ఆ వైపును రెండు భాగాలు చేయడానికి ఒప్పుకుంది, మిగతా దేశాలూ క్రమంగా అదే దారి పట్టాయి. అందుకే గీత లేని కార్డు సాధారణంగా ఇరవయ్యో శతాబ్దపు తొలి ఏళ్లదో, అంతకన్నా పాతదో అవుతుంది.

పోస్టుకార్డు 1869లో ఆస్ట్రియా-హంగరీలో పుట్టింది. మన దేశంలో 1879లో పావు అణాకు దొరికింది, అప్పటికి బొమ్మ లేదు. చిత్రాల కార్డులు 1890ల చివర్లో వచ్చాయి. వాటిలో చాలావరకు జర్మనీలో అచ్చయ్యేవి, కొన్నిటికి తర్వాత చేత్తో రంగులద్దేవారు. కాబట్టి ఒక కార్డులో గోడ గులాబీ రంగులో ఉంటే, ఆ గోడ అసలు రంగు అదేనని నమ్మడానికి లేదు.

బొమ్మకెక్కినవి చార్మినార్, మక్కామసీదు, గోల్కొండ సమాధులు, ఫలక్‌నుమా, కోఠి రెసిడెన్సీ. కిర్క్‌పాట్రిక్ కట్టించిన ఆ రెసిడెన్సీ ఇప్పుడు చాకలి ఐలమ్మ మహిళా విశ్వవిద్యాలయం. ఈ కట్టడాలను కెమెరాలో బంధించినవారిలో ప్రముఖుడు రాజా దీన్‌దయాళ్. ఆరో నిజాం ఆస్థాన ఛాయాచిత్రకారుడైన ఆయన 1886లో సికింద్రాబాదులో స్టూడియో తెరిచారు.

సికింద్రాబాదు కంటోన్మెంటు దగ్గరే ఉండటం కార్డులకు కలిసొచ్చింది. తిరుమలగిరి, బొల్లారంలలోని బ్రిటిష్ సైనికులకు ఇంటికి ఉత్తరం రాయడానికి తేలికైన దారి ఇదే. శామీర్‌పేటకు వెళ్లే దారిలోని బొల్లారంలో రెసిడెంటు విడిది ఉండేది, అదే నేటి రాష్ట్రపతి నిలయం. ఉత్తర దిశగా మేడ్చల్ మీదుగా మన్మాడ్ దాకా మీటరుగేజి రైలు మార్గం కూడా పడింది. నిజాం స్టాంపు రాజ్యం లోపలే చెల్లేది. విదేశాలకు పోయే కార్డుకు బ్రిటిష్ ఇండియా స్టాంపు కావాలి. అంటే స్టాంపు చూస్తే కార్డు ఎంతదూరం పోవడానికి బయల్దేరిందో తెలుస్తుంది.

మూడో ఆధారం కట్టడాలే. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమందిని బలిగొంది. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి కొట్టుకుపోయింది, వంతెనలు దెబ్బతిన్నాయి. ఆ తర్వాత నదికి రెండువైపులా విన్సెంట్ ఎష్ గీసిన నమూనాలతో హైకోర్టు, ఉస్మానియా ఆసుపత్రి లేచాయి. హైకోర్టు 1920 ప్రాంతంలో పూర్తయింది. కార్డులో ఆ గుమ్మటాలుంటే అది వరద తర్వాతి హైదరాబాదే.

1931లో నిజాం ప్రభుత్వం చార్మినార్‌ను అణా స్టాంపు మీద, హైకోర్టును రెండణాల స్టాంపు మీద అచ్చువేసింది. 1950 ఏప్రిల్ 1న నిజాం తపాలా భారత తపాలాలో కలిసిపోయింది.

బొల్లారం, మేడ్చల్ చుట్టుపక్కల పాత ఇళ్ల ట్రంకు పెట్టెల్లో ఇలాంటి కార్డులు ఇంకా ఉండొచ్చు. వాటిని ఆల్బంలో జిగురుతో అంటించొద్దు, లామినేషన్ చేయించొద్దు. రెండు వైపులా స్కాన్ చేసి పెట్టుకోండి. కాలం చెప్పే గీత, స్టాంపు, తపాలా ముద్ర వెనకవైపే ఉంటాయి.