వానాకాలం జ్వరాలు: వాడలోని బడిపిల్లల కుటుంబాలు తెలుసుకోవాల్సినవి

జూన్‌లో బడులు తెరుస్తారు, ఆ నెలలోనే వానలూ మొదలవుతాయి. అక్కడి నుంచి అక్టోబర్ దాకా రెండు తెలుగు రాష్ట్రాల్లో డెంగీ, మలేరియా, టైఫాయిడ్, వాంతులు విరేచనాలు, ఫ్లూ ఒకదాని వెంట ఒకటి వస్తూనే ఉంటాయి. పత్రికలు వీటన్నిటినీ కలిపి 'విషజ్వరాలు' అంటాయి. ఆ పేరులో కారణం కనిపించదు. ఊరి మురుగు వచ్చి చేరే పల్లంలో వాడను ఉంచింది కులం. అందుకే ఈ వ్యాసంలో వైద్యం గురించీ హక్కుల గురించీ కలిపే రాస్తున్నాం. వాడల్లో పనిచేసే కార్యకర్తలకు, హాస్టళ్లలో ఉండే విద్యార్థులకు ఇది అక్కరకు రావాలని మా ఉద్దేశం.

జ్వరం ఎక్కడ పుడుతుంది

డెంగీని మోసే ఏడిస్ దోమ గుడ్లు పెట్టేది ఎక్కువగా నిల్వ ఉన్న మంచి నీళ్లలో. అది పగలు కుడుతుంది. గుడ్డు దోమగా మారడానికి వారం పది రోజులు పడుతుంది. నల్లా రోజూ రాని కాలనీలో డ్రమ్ములు, తొట్లు నింపి పెట్టుకోక తప్పదు. 'నీళ్లెందుకు నిల్వ పెట్టారు' అని సిబ్బంది ఇల్లాలిని మందలిస్తారు కానీ, నీళ్లు ఎందుకు రావడం లేదన్న ప్రశ్నకు జవాబు చెప్పరు. ఆ జవాబు వచ్చేలోగా మనం చేయగలిగింది ఇది: వారానికొకసారి డ్రమ్ము ఖాళీ చేయాలి, లోపలి గోడలు గట్టిగా రుద్ది కడగాలి, ఆరబెట్టి నింపాలి, గుడ్డతో బిగించి కట్టాలి. గుడ్లు గోడలకు అంటుకుని ఉంటాయి కాబట్టి నీళ్లు పారబోస్తే మాత్రమే చాలదు.

మలేరియా దోమ రాత్రి కుడుతుంది. దానికి దోమతెర కావాలి. మంచినీటి పైపు మురుగు కాలువలోంచి వెళ్లే చోట లీకేజీ ఉంటే టైఫాయిడ్, కామెర్లు, విరేచనాలు వస్తాయి. అలాంటి చోట కాచి చల్లార్చిన నీళ్లే తాగాలి.

ఇంట్లో మొదటి రెండు రోజులు

జ్వరానికి పారాసిటమాల్ చాలు. పిల్లల బరువులో ప్రతి కిలోకు ఒక డోసుకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు. అంటే 20 కిలోల పిల్లకు 500 మిల్లీగ్రాముల మాత్రలో సగం. డోసుకూ డోసుకూ మధ్య కనీసం 4 నుంచి 6 గంటలు ఆగాలి. రోజుకు నాలుగు సార్లకు మించకూడదు. డెంగీ కాదని తేలే వరకు ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ మాత్ర గానీ సూది గానీ వద్దు. అవి రక్తస్రావం ప్రమాదాన్ని పెంచుతాయి. 'ఒక్క సూదితో తగ్గిపోవాలి, రేపు కూలికి పోవాలి' అని ఆర్‌ఎంపీని అడిగే తల్లిదండ్రుల ఒత్తిడి మనకు తెలుసు. అయినా ఏం సూది వేస్తున్నారో పేరు అడగాలి.

విరేచనాలైతే ఓఆర్‌ఎస్ ప్యాకెట్‌ను దాని మీద రాసినంత నీళ్లలోనే కలపాలి. సాధారణంగా అది లీటరు. ప్యాకెట్‌ను సగం సగం చేసి గ్లాసులో కలిపితే లెక్క తప్పుతుంది. చిన్న పిల్లలకు జింక్ మాత్రలు 14 రోజులు ఇవ్వాలి. విరేచనాలు ఆగినా మానకూడదు. ఓఆర్‌ఎస్, జింక్ రెండూ ఆశా కార్యకర్త దగ్గర, పీహెచ్‌సీలో ఉచితం.

ఇక ఆగకూడని సంకేతాలు

డెంగీలో అసలు ప్రమాదం జ్వరం తగ్గేటప్పుడు మొదలవుతుంది. మూడో రోజు నుంచి ఏడో రోజు వరకు పిల్లల మీద కన్ను వేసి ఉంచాలి. తీవ్రమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్లు లేదా ముక్కు నుంచి రక్తం, నల్లటి విరేచనం, చేతులు కాళ్లు చల్లబడటం, మగతగా పడి ఉండటం, ఆరు గంటలుగా మూత్రం రాకపోవడం, ఊపిరి కష్టమవడం, ఫిట్స్. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా 108కి ఫోన్ చేయాలి. జ్వరం తగ్గింది కదా అని ఆ రోజు బడికి పంపకూడదు.

పరీక్షలు, ప్లేట్‌లెట్లు, అప్పు

డెంగీకి మొదటి ఐదు రోజుల్లో ఎన్‌ఎస్1, ఆ తర్వాత ఐజీఎం పరీక్ష చేస్తారు. నిర్ధారణకు ఎలైజా పద్ధతి కావాలి. ప్రభుత్వ గుర్తింపు ఉన్న కేంద్రాల్లో అది ఉచితం. మలేరియా పరీక్ష పీహెచ్‌సీలోనే చేస్తారు. వాడల్లో చాలా కుటుంబాలను అప్పుల్లో దింపే మాట 'ప్లేట్‌లెట్లు పడిపోతున్నాయి' అనేది. రక్తస్రావం లేనప్పుడు, జాతీయ మార్గదర్శకాల ప్రకారం, సాధారణంగా 10 వేల లోపుకు పడిపోతేనే ప్లేట్‌లెట్లు ఎక్కించాలి. పిల్లను కాపాడేది ముఖ్యంగా సమయానికి అందే ద్రవాలు, దగ్గరుండి చూసుకోవడం. తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ ప్రధానంగా జాబితాలో ఉన్న ఇన్‌పేషెంట్ చికిత్సలకు వర్తిస్తాయి. చేరక ముందే ఆరోగ్యమిత్రను అడగాలి, బిల్లు ప్రతి కాగితం దాచుకోవాలి.

బడి, హాస్టల్

ఒకే గదిలో చాలామంది పడుకునే హాస్టల్లో ఫ్లూ, గజ్జి, కళ్లకలక వేగంగా పాకుతాయి. 2023 జూలై, ఆగస్టుల్లో కళ్లకలక రెండు రాష్ట్రాల బడులను చుట్టేసింది. కిటికీలకు జాలీ, విడి తువ్వాళ్లు, జ్వరం వచ్చినవారికి వేరే గది, నర్సు రాసే రిజిస్టరు: ఇవి ఉన్నాయో లేదో తల్లిదండ్రులు చూడాలి. జ్వరమొచ్చిన పిల్లను కబురు చేసి ఇంటికి పంపేస్తే వార్డెన్ బాధ్యత తీరిపోదు. ఏ పరీక్ష చేయించారో, ఏ మందు ఇచ్చారో రాసిన కాగితం అడగాలి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ప్రభుత్వ బడిపిల్లలకు ఆరోగ్య పరీక్షలు జరగాలి.

హాజరు సంగతి కూడా ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో తల్లులకిచ్చే చదువు సాయానికి 75 శాతం హాజరు షరతు పెట్టారు. రెండు మూడు జ్వరాలు వచ్చిన పిల్లకు అదీ భారమే. ఓపీ చీటీ నకలు జతచేసి ప్రధానోపాధ్యాయుడికి సెలవు చీటీ ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోవాలి.

చట్టం ఏమంటోంది

కులం పేరుతో ఆసుపత్రిలోకి రానివ్వకపోవడం 1955 పౌరహక్కుల పరిరక్షణ చట్టం సెక్షన్ 5 కింద నేరం. 1989 అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణతో ఆసుపత్రి, పీహెచ్‌సీ, బడి, నీటి కుళాయి దగ్గర ఎస్సీ ఎస్టీలను అడ్డుకోవడం సెక్షన్ 3(1)(జెడ్‌ఏ) కిందికి వస్తుంది. అత్యవసర వైద్యం అందించకపోవడం 21వ అధికరణ ఉల్లంఘన అని పశ్చిమ బెంగాల్ కేసులో సుప్రీంకోర్టు 1996లోనే చెప్పింది.

వాడ తరఫున అడగాల్సినవి

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2013లో ఎస్సీ ఎస్టీ సబ్‌ప్లాన్ చట్టం వచ్చింది. తెలంగాణ 2017లో ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం చేసుకుంది. మన వాడలో మురుగు కాలువకు, నీటి పైపులకు ఆ నిధుల నుంచి ఎంత ఖర్చు పెట్టారో సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు. 30 రోజుల్లో జవాబివ్వాలి. దారిద్య్రరేఖకు దిగువన ఉన్నవారికి ఫీజు లేదు. దరఖాస్తులో మూడు ప్రశ్నలు చాలు: ఈ ఏడాది మన వాడలో దోమల మందు ఏ తేదీల్లో కొట్టారు? మంచినీటి నమూనా చివరిసారి ఎప్పుడు పరీక్షించారు, ఫలితం ఏమిటి? ఊళ్లో మిగతా వీధులకు ఇవే వివరాలు ఏమిటి? మూడో ప్రశ్న మరిచిపోవద్దు. వాడకూ ఊరికీ మధ్య తేడా అధికారిక సంతకంతో కాగితం మీదికి వచ్చేది అక్కడే. దరఖాస్తు మే నెలలోనే పెడితే వానలు ముదరకముందే జవాబు చేతిలో ఉంటుంది.