పడకల లెక్కకు అందని చికిత్స: మద్యవ్యసనంలో ఇంటెన్సివ్ ఓపీ పద్ధతి

మద్యవ్యసనం మీద తెలుగులో వచ్చే వ్యాసాల్లో చికిత్స అనగానే మంచం ప్రత్యక్షమవుతుంది. తాగేవాణ్ని చేర్పించాలి, గేటు దాటనీయకూడదు, నెల తర్వాత ఇంటికి పంపాలి. డీఅడిక్షన్ సెంటర్ గొప్పదనాన్ని పడకల సంఖ్యతో కొలవడం మన పరిశోధకులకు పరిపాటి. రాత్రి ఇంట్లోనే పడుకుని, వారానికి మూడు నాలుగు రోజులు వచ్చిపోయే పద్ధతిని వారు ఒక్క వాక్యంలో దాటేస్తారు.

ఈ పడకల మోజుకు మూలం, రోగిని 28 రోజులు కేంద్రంలోనే ఉంచి చికిత్స చేసే అమెరికా పద్ధతి, మినెసోటా నమూనా. 1949లో మొదలైన హేజెల్డన్ కేంద్రం ద్వారా ఎక్కువగా ప్రచారమైన ఆ 28 రోజుల లెక్కకు శరీరశాస్త్రంలో ఆధారమేమీ లేదు. అమెరికాలో బీమా కంపెనీలు డబ్బు కట్టినన్నాళ్లు అది వెలిగింది. 1980ల చివర అవి చేయి బిగించాక చాలా కేంద్రాలు మూతపడ్డాయి. వారానికి కనీసం 9 గంటల కౌన్సెలింగ్‌తో నడిచే ఇంటెన్సివ్ ఔట్ పేషెంట్ చికిత్స ఆ తర్వాతే విస్తరించింది. ఖర్చు మిగుల్చుకోవడానికి పెరిగింది కాబట్టి నాసిరకమని మినెసోటా పక్షం దెప్పుతుంది. పుట్టుక అడిగి వైద్యానికి విలువ కట్టడం ఏం శాస్త్రం? అమెరికా పరిశోధకుడు డెనిస్ మెకార్టీ బృందం 2014లో అంతకుముందు జరిగిన అధ్యయనాలను సమీక్షించి, చాలామంది రోగుల్లో ఈ చికిత్స ఫలితాలు ఇన్‌పేషెంట్ చికిత్సకు తీసిపోవని తేల్చింది.

మన దగ్గరి నిదర్శనం ఇంకా బలమైనది. గోవాలో ఒక అధ్యయనంలో భాగంగా, వైద్యులు కాని సామాన్య కౌన్సెలర్లు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లోనే, హాని కలిగించే స్థాయిలో తాగే మగవారితో మాట్లాడారు. మహా అయితే నాలుగు విడతలు. మూడు నెలలకు ప్రమాదస్థాయి తాగుడు నుంచి బయటపడ్డవారు 36 శాతం. మామూలు వైద్యం మాత్రమే అందినవారిలో 26 శాతం. నాలుగు విడతలకే ఇంత మార్పు వస్తే, వారానికి 9 గంటల చొప్పున నెలల తరబడి సాగితే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. గోవా అధ్యయనంలోని వారు పూర్తి వ్యసనపరులు కారన్న అభ్యంతరం ఉంది. అది చికిత్స మోతాదును మారుస్తుందే తప్ప చోటును కాదు.

తెలంగాణలో కల్తీ కల్లు సంగతి చూడండి. 2020 మార్చి లాక్‌డౌన్‌లో కల్లు కంపౌండ్లు మూతపడగానే వణుకుతో, ఫిట్స్‌తో, పొంతనలేని మాటలతో జనం హైదరాబాద్‌లోని ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి పోటెత్తారు. కల్లులో కలిపే డైజిపాం, ఆల్ప్రజోలం ఒక్కసారిగా ఆగితే జరిగేది అదే. ఆ తొలిరోజుల్లో కొందరికి పడక కావలసిందే, కాదనను. ఆ తర్వాత? కూలి డబ్బు చేతికొచ్చే సాయంత్రం, కంపౌండ్ మీదుగా ఇంటికి నడిచే దారి, పిలిచే స్నేహితుడు, ఇంట్లో గొడవ: పరీక్షంతా అక్కడే. నిన్న సాయంత్రం ఏం జరిగిందో ఇవాళ కౌన్సెలర్ ముందు విప్పగలిగేది ఇంటి నుంచి వచ్చేవాడే. పైగా 28 రోజుల కూలి పోగొట్టుకుని ఎవరు చేరతారు? మత్తుపదార్థాల వాడకంపై వచ్చిన 2019 జాతీయ నివేదిక ప్రకారం మద్యానికి బానిసలైనవారిలో ఏదో ఒక చికిత్స అందింది 38 మందిలో ఒకరికి. ఆసుపత్రిలో చేరి చికిత్స పొందింది 180 మందిలో ఒకరు. పడకను నమ్ముకున్న విధానం సాధించింది ఇంతే.

కొత్త పడకలకు నిధులు అడిగే ముందు, ప్రతి మండల కేంద్రంలో కూలి పని ముగిసే వేళకు తెరిచే ఒక కౌన్సెలింగ్ గదిని ప్రభుత్వం ఏర్పాటు చేయాలి.