తాకిడి, రాపిడి, విస్ఫోటనం: నెల్లూరు సీమ నేపథ్యంలో ఒక చారిత్రక పరిశీలన

నెల్లూరు సీమకు సంబంధించిన పాత రికార్డుల్లో ‘గూడూరు’ అన్న పేరు కనిపించినప్పుడు అది ఏ గూడూరో ముందుగా తేల్చుకోవాలి. సముద్రతీర మండలంలో వరిచేలు, రొయ్యల గుంటల నడుమ ఉన్నది తోటపల్లి గూడూరు. అభ్రక గనుల వల్ల పేరు పొందినది రైలుమార్గం మీది గూడూరు. మందుగుండు చరిత్ర ఈ రెండవదానిదే. తీరం వెంట దక్షిణానికి సాగితే రాకెట్ల శ్రీహరికోట వస్తుంది (2022 నుంచి అది తిరుపతి జిల్లాలో ఉంది). అభ్రక గనిలోని తూటాకూ, రాకెట్టులోని ఘన ఇంధనానికీ వర్తించే ప్రశ్న ఒకటే: ఎవరూ నిప్పు పెట్టకుండా, కేవలం దెబ్బ వల్లనో రాపిడి వల్లనో ఆ పదార్థం ఎందుకు రాజుకుంటుంది?

నల్లమందు కాలంలో దీనికి సమాధానం తేలికగానే దొరికింది. 1848 సెప్టెంబరు 13న అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో రైలుమార్గపు పనిలో ఫినియస్ గేజ్ రంధ్రంలో మందు కూరుతుండగా అది పేలి, చేతిలోని ఇనుప కడ్డీ అతని కపాలం గుండా దూసుకుపోయింది. అతడు బతికాడు, వైద్యశాస్త్రం అతని మెదడును గుర్తుంచుకుంది, కడ్డీ ఇనుముదన్న సంగతిని అంతగా పట్టించుకోలేదు. గనుల చట్టాలు మాత్రం క్రమంగా ఇనుప పనిముట్లను తొలగించి కొయ్య కడ్డీని తెచ్చాయి.

నైట్రోగ్లిజరిన్‌తో సమస్య స్వభావమే మారింది. అక్కడ నిప్పురవ్వ అవసరం లేదు, కుదుపు చాలు. 1864లో స్టాక్‌హోమ్‌లో జరిగిన పేలుడులో ఆల్‌ఫ్రెడ్ నోబెల్ తమ్ముడు ఎమిల్ మరణించాడు. 1867 నాటి డైనమైట్ ఆ ద్రవాన్ని మట్టిలో ఇంకించి మచ్చిక చేసింది గాని, అది ఎందుకు పేలుతుందో వివరించలేదు.

ఆ వివరణ ఎఫ్. పి. బౌడెన్ పరిశోధనల్లో లభించింది. రాపిడి, కందెనల మీద పనిచేసిన ఈ శాస్త్రవేత్త రెండవ ప్రపంచయుద్ధ కాలంలో మెల్‌బోర్న్‌లోనూ, తరువాత కేంబ్రిడ్జిలోనూ పేలుడు పదార్థాలను పరిశీలించాడు. 1952లో ఎ. డి. యోఫ్‌తో కలిసి గ్రంథం వెలువరించాడు. దెబ్బలోని శక్తి పదార్థమంతటా సమంగా వ్యాపిస్తే దాని ఉష్ణోగ్రత పెద్దగా పెరగదు. పేలుడుకు అది చాలదు. ఆ శక్తి మిల్లీమీటరులో వెయ్యోవంతు ప్రమాణంలో ఉండే ‘ఉష్ణబిందువు’ల వద్ద కేంద్రీకృతమవుతుంది. చిక్కుకున్న గాలిబుడగ హఠాత్తుగా నొక్కుకుపోవడం అందుకు ఒక మార్గం, గరుకు రేణువుల రాపిడి మరొకటి. రేణువు కాఠిన్యం కన్న దాని ద్రవీభవన స్థానం ముఖ్యమని తేలడం ఈ పరిశోధనలో విశేషాంశం. తక్కువ వేడికే కరిగే రేణువు కరిగిపోతుంది గనుక ఉష్ణబిందువు అంతకు మించి వేడెక్కదు. పేలుడుకు అవసరమైన వేడి సుమారు 400–500 డిగ్రీల సెల్సియస్ అయితే, అంతకు పైన కరిగే రేణువే ప్రమాదకరం.

ఈ సూత్రాన్ని నెల్లూరు అభ్రక గనులకు అన్వయిస్తే విషయం తీవ్రత తెలుస్తుంది. అభ్రకం దొరికే పెగ్మటైట్ శిలలో స్ఫటికశిల పాలు అధికం. అది కరగడానికి దాదాపు 1,700 డిగ్రీల వేడి కావాలి. అంటే రంధ్రం తొలిచినప్పుడు రాలే పొడే తూటాకు శత్రువు. అభ్రకపు పలకలు చితికితే విలువ పోతుంది గనుక అక్కడ మందును మితంగా వాడవలసి వచ్చేది. మితంగా వాడిన మందైనా పేలకుండా మిగిలిపోతే, తరువాతి వంతులో అదే చోట తొలిచే కూలీకి అది కనిపించదు. పేలని రంధ్రానికి సమాంతరంగా కనీసం 30 సెంటీమీటర్ల ఎడంగా కొత్త రంధ్రం వేయాలన్న మన గనుల నిబంధన ఈ ప్రమాదం కోసమే. ఇటువంటి మరణాన్ని ‘అజాగ్రత్త’ అన్న ఒక్క మాటతో ముగించడం సులభం. కాని ఉష్ణబిందు సిద్ధాంతాన్ని అంగీకరిస్తే, విచారణ కూలీ చేతి దగ్గర ఆగక రాతిపొడి వద్దకూ, ముందు వంతువారు చెప్పని మాట వద్దకూ వెళ్లవలసి ఉంటుంది.

2004 ఫిబ్రవరి 23న శ్రీహరికోట ఘన ఇంధన విభాగంలో జరిగిన ప్రమాదం ఆరుగురి ప్రాణాలు తీసింది. మరుసటి సంవత్సరం హైదరాబాదు విశ్వవిద్యాలయంలో రక్షణ పరిశోధన సంస్థ సహకారంతో అధికశక్తి పదార్థాల పరిశోధన కేంద్రం ఏర్పడింది. ఈ రంగపు ప్రయోగశాలల్లో ప్రాథమిక పరీక్ష నేటికీ సాదాగానే ఉంటుంది: నిర్ణీతమైన బరువును వేర్వేరు ఎత్తుల నుంచి నమూనా మీద జారవిడుస్తారు. సగం నమూనాలు పేలే ఎత్తును ఆ పదార్థపు సున్నితత్వానికి కొలతగా తీసుకుంటారు. మిగిలిన సగం అదే ఎత్తు నుంచి అదే దెబ్బ తిని కూడా పేలవు.