ఉప్పేసిన జావ

బస్సు ప్రయాణమంటే నేను ముందురోజు రాత్రి నుంచే నీళ్ళు తాగడం తగ్గించేదాన్ని. ఎందుకో మీకు వేరే చెప్పక్కర్లేదు కదూ! దారిలో ఆడవాళ్ళకి సరైన చోటు దొరకదు. అందుకని గొంతు తడుపుకోవడమే మానేస్తాం.

కొన్నేళ్ళ క్రితం ఏప్రిల్ చివర్లో అలాగే నోరు కట్టుకుని కొత్తగూడెం నుంచి భద్రాచలం బయలుదేరాను. పాల్వంచ దాటాక టైరు పంచరై బస్సు ఆగిపోయింది. నడినెత్తిన ఎండ. చెట్టు కింద నలుగురు ఆడవాళ్ళు తునికాకు కట్టలు కడుతున్నారు. తెల్లవారకముందే అడవిలోకి వెళ్ళి కోసుకొచ్చిన ఆకు అది. యాభై ఆకులు లెక్కపెడితే ఒక కట్ట. కళ్ళు తిరిగి నేను వాళ్ళ పక్కనే కూలబడ్డాను. అందులో ముసలావిడ తన సొరకాయ బుర్ర నా ముందు పెట్టింది.

"ఉత్త నీళ్ళు తాగకు బిడ్డా, కాళ్ళు గుంజుతయ్. జావ తాగు, ఉప్పేసిన."

తాగాను. కాసేపటికి మళ్ళీ మనిషినయ్యాను. కానీ ఆ మాట మాత్రం నన్ను వదల్లేదు. నీళ్ళు తాగితే కాళ్ళు గుంజడమేమిటి? ఇంటికొచ్చి పుస్తకాలు తిరగేస్తే, జవాబు బొగ్గుగనుల చరిత్రలో దొరికింది.

ఆ నేలకి బొగ్గు పాత చుట్టమే. ఇల్లెందు దగ్గర బొగ్గుందని 1871లో విలియం కింగ్ కనిపెట్టాడు. 1889లో తవ్వకం మొదలైంది. గని అంటే నీడపట్టున పని అనుకుంటాం గానీ, లోతుకి పోయేకొద్దీ వేడి పెరుగుతుంది, గాలి ఆడదు. బ్రిటన్ గనుల్లోనూ ఇదే బాధ. అక్కడి పనివాళ్ళు ఒళ్ళంతా చెమటలు కారి, దాహానికి కడుపునిండా నీళ్ళు తాగేవాళ్ళు. తీరా కాళ్ళూ చేతులూ పొట్టా మెలిపెట్టేసేవి. 1923లో నెవిల్ మాస్ అనే ఆయన దీని గుట్టు విప్పాడు. చెమటలో నీటితోపాటు ఉప్పూ పోతోంది. వీళ్ళేమో నీళ్ళొక్కటే తిరిగి పోసుకుంటున్నారు. తాగే నీళ్ళలో కాస్త ఉప్పు కలిపేసరికి నొప్పులు తగ్గాయి.

ఉప్పు సరే, మరి జావ ఎందుకూ? దానికి జవాబు 1971లో జరిగిన ఓ సంగతిలో కనిపిస్తుంది. బంగ్లాదేశ్ యుద్ధకాలంలో బెంగాల్ సరిహద్దున బన్‌గావ్‌లో శరణార్థులకి కలరా సోకింది. సెలైన్ సీసాలు చాలకపోతే డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పూ గ్లూకోజూ కలిపిన నీళ్ళు డ్రమ్ముల్లో నింపి తాగించాడు. వేలమంది బతికారు. గ్లూకోజు తోడుంటే పేగులు ఉప్పునీ నీటినీ చప్పున పీల్చుకుంటాయి. జావలో పిండి అరిగితే అయ్యేది గ్లూకోజే!

ఆ అవ్వకి మాస్ తెలీదు, మహలనబిస్ తెలీదు. కాళ్ళు గుంజిన రోజులు తెలుసు, అంతే.

ఎండలోనో పొయ్యి ముందో కష్టపడేటప్పుడు దాహం వేసేదాకా ఆగకుండా, పావుగంటకో ఇరవై నిమిషాలకో గ్లాసుడు నీళ్ళు తాగమంటారు వైద్యులు. గంటలకొద్దీ చెమట పడితే ఉప్పేసిన మజ్జిగో గంజో తాగాలి. రక్తపోటు ఉన్నవాళ్ళు మాత్రం ఉప్పు సంగతి డాక్టర్ని అడగాలి. మనిషి మాట తడబడినా, స్పృహ తప్పినా ఇంటి వైద్యం పనికిరాదు, ఆసుపత్రికి పరుగెత్తాలి.

ఇప్పుడు నేను నీళ్ళు తాగే బస్సెక్కుతున్నాను. బస్సు ఆగగానే "మరుగుదొడ్డి ఎటు?" అని గట్టిగా అడుగుతున్నాను. మా వారు చుట్టూ చూసి ఇబ్బంది పడతారు.

పడనివ్వండి!