ఇంధన పేదరికం: నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో కొలతల చరిత్ర

వంటకు, వెలుతురుకు, ఇంటి కనీస అవసరాలకు సరిపడా ఇంధనం అందకపోవడాన్ని, అందినా కొనుక్కునే స్తోమత లేకపోవడాన్ని ఇంధన పేదరికం అంటారు. ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ (పాలమూరు) జిల్లాల్లో దాన్ని కొలిచే పద్ధతి మారినప్పుడల్లా సర్కారు కంటికి ఆనే ఇళ్లూ మారాయి.

మొదట లెక్కించింది ఇళ్లను కాదు, ఊళ్లను. 1997 వరకు ఊరి రెవెన్యూ హద్దుల్లో ఏ పనికైనా కరెంటు వాడితే చాలు, ఆ ఊరు విద్యుదీకరణ జరిగిన ఊళ్ల జాబితాలో చేరిపోయేది. బావులు, బోర్ల మీద సేద్యం సాగే ఈ మెట్ట నేలలో పొలంలో ఒక్క మోటరు తిరిగినా ఆ షరతు తీరేది. ఊళ్లో గుడ్డి దీపాలు, కందిళ్లు, రేషన్ గాసునూనె యథాతథంగా ఉండేవి. నాగార్జునసాగర్, శ్రీశైలం ఎడమగట్టు జలవిద్యుత్ కేంద్రాలు ఈ రెండు జిల్లాల గడ్డమీదే ఉన్నాయన్నది ఇక్కడ గుర్తుంచుకోవాలి. 1997 అక్టోబరులో జనావాసంలోనే కరెంటు వాడాలన్న నియమం వచ్చింది. 2004లో దళితవాడతో సహా జనావాసానికి లైన్లు, ట్రాన్స్‌ఫార్మర్ ఉండాలని, బడి, పంచాయతీ వంటి చోట్లకు కరెంటు అందాలని, కనీసం 10 శాతం ఇళ్లకు కనెక్షన్ ఉండాలని మార్చారు. అంటే పదింట తొమ్మిది ఇళ్లు చీకట్లో ఉన్నా ఆ ఊరు లెక్కలో వెలిగినట్టే. ప్రతి ఇంటికీ కనెక్షన్ ఇవ్వడమే లక్ష్యంగా సౌభాగ్య పథకం వచ్చింది 2017లో.

పొయ్యి లెక్క దొరికేది పరిశోధకుల దగ్గర. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ 1975లో మహబూబ్‌నగర్ జిల్లా ఔరేపల్లె, డోకూరు గ్రామాల్లో కుటుంబాల రాబడి, ఖర్చు, పనుల వివరాలను ఏళ్ల తరబడి నమోదు చేయడం మొదలుపెట్టింది. మెట్ట ప్రాంతాల ఉమ్మడి భూములపై ఎన్.ఎస్. జోధా 1986లో ప్రచురించిన అధ్యయనం ఏడు రాష్ట్రాల్లో సాగింది. అందులో పాలమూరు కూడా ఉంది. పేద కుటుంబాల వంటచెరకులో 66 నుంచి 84 శాతం బంజర్లు, పోరంబోకులు, అడవుల నుంచే వస్తోందని ఆయన తేల్చారు. అవే భూములు 1950ల నుంచి 31 నుంచి 55 శాతం దాకా తరిగిపోయాయి. భూమి తరిగినకొద్దీ కట్టెల కోసం నడిచే దూరం పెరిగింది. ఆ నడక దాదాపు ఎప్పుడూ ఆడవాళ్లదే.

బ్రిటన్‌లో బ్రెండా బోర్డ్‌మన్ 1991లో చెప్పిన కొలత, రాబడిలో 10 శాతానికి మించి ఇంధనానికి ఖర్చవడం, ఇక్కడ పనికిరాదు. కందికట్టె, పత్తికట్టె, సర్కారు తుమ్మ, పిడకలతో వండే ఇంట్లో ఇంధనం ఖర్చు దాదాపు సున్నా. ఆ కొలతతో చూస్తే అందరికంటే పేద ఇల్లే పేదరికం నుంచి బయటపడినట్టు కనిపిస్తుంది. షోనాలీ పచౌరీ, సహ పరిశోధకులు 2004లో భారతీయ కుటుంబాల కోసం ప్రతిపాదించిన పద్ధతి ఏ ఇంధనం అందుబాటులో ఉంది, ఎంత వాడుతున్నారు అనే రెండింటినీ కలిపి చూస్తుంది. ఖండ్కర్, బార్న్స్, సమద్ దేశవ్యాప్త సమాచారంతో గ్రామాల్లో 57 శాతం ఇళ్లు ఇంధన పేదవని, రాబడి ప్రకారం పేదవి 22 శాతమేనని చూపారు. తెల్ల రేషన్‌కార్డును మాత్రమే గీటురాయిగా పెట్టుకునే విధానం ఎంతమందిని వదిలేస్తుందో ఈ తేడాయే చెబుతుంది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1999లో దీపం పథకం తెచ్చింది. పేద మహిళల గ్యాస్ కనెక్షన్‌కు 1,000 రూపాయల డిపాజిట్ సర్కారే కట్టింది. కేంద్రం తెచ్చిన ఉజ్వల గ్యాస్ పథకం కంటే 17 ఏళ్లు ముందు వచ్చిన పథకమిది. కనెక్షన్లు లక్షల్లో పెరిగినా చాలా ఇళ్లు కట్టెలపొయ్యిని వదల్లేదని 2003 నాటి ప్రపంచ బ్యాంకు అధ్యయనం గమనించింది. సిలిండర్‌కు మొత్తం డబ్బు ఒకేసారి పెట్టాలి, కూలి మాత్రం ఏ రోజుకారోజు వస్తుంది. అదే కాలంలో కల్పనా బాలకృష్ణన్ బృందం నిజామాబాద్, రంగారెడ్డి, వరంగల్ జిల్లాల ఇళ్లలో పొగను కొలిచింది. రోజంతా తీసిన సగటులో, పీల్చే ధూళి ఘనపు మీటరు గాలికి గ్యాస్ వాడే ఇళ్లలో 73 మైక్రోగ్రాములు ఉండగా, కట్టెలు, పిడకలు వాడే ఇళ్లలో 732 వరకు ఉంది.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019–21 ప్రకారం తెలంగాణలో 90 శాతానికి పైగా ఇళ్లు శుభ్రమైన ఇంధనంతో వండుతున్నాయి. ఇది నిజంగా గొప్ప మార్పు. అయితే సర్వే అడిగేది ప్రధాన ఇంధనాన్నే. చాయ్‌కి, కూరకు గ్యాస్, స్నానం నీళ్లకు కట్టెలు వాడే ఇల్లు అందులో పూర్తిగా గ్యాస్ ఇల్లే. 2024 ఫిబ్రవరిలో మొదలైన 500 రూపాయల సిలిండర్, 200 యూనిట్ల వరకు ఉచిత కరెంటు పథకాల తర్వాత ఏడాదికి ఇంటికి ఎన్ని సిలిండర్లు, నెలకు ఎన్ని యూనిట్లు అన్న వివరం గ్యాస్ ఏజెన్సీల, విద్యుత్ పంపిణీ సంస్థల (డిస్కంల) దగ్గర పోగవుతోంది. కనెక్షన్ల సంఖ్య కంటే ఇదే నమ్మదగిన కొలత.

రెండు చిక్కులు మాత్రం అలాగే ఉన్నాయి. 2016లో జిల్లాలు విడిపోయాక పాత లెక్కలతో పోలిక కష్టమైంది. ఔరేపల్లె ఉన్న మాడ్గుల మండలమే ఇప్పుడు రంగారెడ్డి జిల్లాలో ఉంది. రెండోది వలస. రేషన్‌కార్డు, సిలిండర్, మీటరు పాలమూరులో తాళం వేసిన ఇంటి పేర ఉంటాయి. ఆ ఇంటివాళ్లు హైదరాబాద్‌లోనో ముంబయిలోనో కట్టుబడి పనుల దగ్గర మూడు రాళ్ల పొయ్యి మీద వండుకుంటారు. ఇంటిని కాక మనిషిని వెంబడించే లెక్క వచ్చేదాకా ఆ పొయ్యి ఏ జిల్లా పట్టికలోనూ చేరదు.